పడనీ

మొన్నామధ్య అటక మీంచి పాత ఇనప పెట్టె దించుతుంటే పట్టు జారింది. జారిందని తెలిసీ తెలియకముందే నా చేతులు రెండూ గుండెలకి దగ్గరగా వచ్చేశాయి, కాళ్ళు రెండడుగులు వెనక్కి పడ్డాయి. పెట్టె దబ్బున నేల మీద పడి ఒక మూల సొట్టపోయింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మనవరాలు కళ్ళు ఇంతింత చేసుకుని, "తాతయ్యా, పట్టుకోలేదేం?" అంది.

"పట్టుకోకూడదమ్మా" అన్నాను.

ఎందుకు అని అడిగింది. పిల్లలకి చెప్పదగినంత చెప్పి ఊరుకున్నాను. కానీ ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎడమచేతి మధ్యవేలి గోరు మీద బొటనవేలితో రాసుకుంటూ పడుకున్నాను. ఆ గోరుకి నిలువునా ఒక గట్టులాంటి గీత ఉంటుంది. నలభై ఏళ్ళ పైనుంచీ ఉంది. గోరు పెరిగినా, కత్తిరించినా, ఆ గీత మాత్రం కిందనుంచి మళ్ళీ వస్తూనే ఉంటుంది. ఆ గీత వెనక ఒక గోడౌను ఉంది. ఒక మేస్త్రి ఉన్నాడు.

నాకు అప్పుడు 19 ఏళ్ళు. ఇళ్ళు కట్టే సామాను నిలవ చేసే గోడౌనులో మోత పనికి చేరాను. ఒకవైపు సిమెంటు బస్తాలు, ఇంకోవైపు ఇనప గొట్టాలు, గోడకి ఆనించి ప్లైవుడ్ షీట్లు, ర్యాకుల్లో టైల్స్ పెట్టెలు, వెనక గదిలో అద్దాలు. రేకుల కప్పులో అక్కడక్కడా వెలుతురు కోసం పెట్టిన తెల్ల రేకుల్లోంచి ఎండ పలకలు పలకలుగా దిగేది. ఆ ఎండలో సిమెంటు దుమ్ము తేలుతూ ఉండేది. గొట్టాలకి పూసిన నూనె వాసన, కొత్త చెక్క వాసన, తడిసి ఆరిన అట్టపెట్టెల వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడు వాసనలూ కలిసి తగిలితే నాకు భుజాలు బరువెక్కుతాయి.

మొదటిరోజు పొద్దున్నే మేస్త్రి నన్ను పిలిచాడు. పొట్టి మనిషి, మెడ మాత్రం లావు. ర్యాకు అంచు మీద ఒక ఇటుక పెట్టి, నన్ను దగ్గరికి రమ్మని, ఏ సరుకు ఎక్కడుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ మోచేత్తో ఆ ఇటుకని తోసేశాడు. నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. అందుకునేలోపే ఆయన నా మణికట్టు మీద గట్టిగా ఒక్కటి చరిచాడు. ఇటుక మా ఇద్దరి మధ్యా పడి రెండు ముక్కలైంది.

"చెయ్యెందుకు పెట్టావురా అబ్బాయ్?"

"పడిపోతోంది కదా మేస్త్రిగారూ…"

"పడనీ."

అంతే. ఆ రోజుకి పాఠం అయిపోయింది. మణికట్టు మంట సాయంత్రం దాకా ఉంది.

తర్వాత వారం పదిరోజులు ఆయన అదే పని. నేను ఏమరుపాటుగా ఉన్నప్పుడు చూసి ఏదో ఒకటి తోసేవాడు. చెక్కముక్క, ఖాళీ డబ్బా, తాడు చుట్ట. చెయ్యి ముందుకొస్తే దెబ్బ. నాలుగో రోజుకో ఐదో రోజుకో నా చెయ్యి ఆగింది. ఇంకో రెండు రోజులకి పాదం వెనక్కి పడటం నేర్చుకుంది. అప్పుడుగానీ నన్ను బస్తా ముట్టుకోనివ్వలేదు.

ఆయన కుడికాలి చివరి రెండు వేళ్ళూ చితికి, ఎముక లేనట్టు చదునుగా ఉండేవి. ఒకసారి అడిగితే, కుర్రతనంలో దొర్లుతున్న గొట్టాన్ని కాలు అడ్డంపెట్టి ఆపబోయానని చెప్పాడు. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

మేస్త్రికి చదువు రాదు. కానీ బరువుల గురించి ఆయనకి తెలిసినంత నాకు తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు. సిమెంటు బస్తాలు పదికి మించి ఎత్తు కట్టనిచ్చేవాడు కాదు. పైన బరువెక్కువైతే కింది బస్తాలో సిమెంటు గడ్డకడుతుందన్నది ఒక కారణం, నెట్టు నిలవదన్నది రెండోది. ఎనిమిది దాటితే ఒక వరస పొడుగ్గా, ఒక వరస అడ్డంగా పెట్టించేవాడు, గోడ కట్టేటప్పుడు ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు. తీసేటప్పుడు పైనుంచే తీయాలి. తొందరలో ఎవడైనా మధ్యలోంచి లాగబోతే, "కడుపులోంచి తీస్తే తల మీదకొస్తుంది" అని అరిచేవాడు. గొట్టాల కట్ట విప్పేముందు రెండు చివర్లా చెక్కముక్కలు బిగించాలి. లారీ వెనక డోరు తీసేటప్పుడు ఎదురుగా నిలబడకూడదు. దారిలో కుదుపులకి సరుకు కదిలి డోరు మీద ఒరిగి ఉంటుంది, గొళ్ళెం తీయగానే మనిషి మీదకొస్తుంది. పక్కకి నిలబడి, ఒక చెయ్యి మాత్రమే చాచి తీయాలి. ఇద్దరు కలిసి మోస్తే దించేముందు మాట కావాలి. ఒకడు "దించుదామా" అంటే రెండోవాడు "ఆఁ" అనేదాకా ఎవరూ వేళ్ళు వదలకూడదు. ఆ "ఆఁ" వినకుండా వదిలినవాడికి ఆ రోజంతా మేస్త్రి మాటలు తప్పేవి కావు.

బరువు సంగతి కూడా చెప్పాలి. మేం ఎత్తే సిమెంటు బస్తా 50 కిలోలు. ఒక్కడే వీపు మీద వేసుకుని నడిచేవాడు, రోజుకి ఎన్నోసార్లు. అది అలాగే ఉంటుంది కాబోలు అనుకునేవాళ్ళం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మనుషులు మోసే బరువుల మీద ఒక ఒప్పందం చేసిందనీ, దానితోపాటు ఇచ్చిన సిఫారసులో ఒక మగమనిషి మోసేది 55 కిలోలకి మించి ఉంటే వీలైనంత త్వరగా ఆ మేరకు దించాలని చెప్పిందనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అదే ఎక్కువ అనిపించింది నాకు. తర్వాత 1991లో అమెరికాలో పనివాళ్ళ భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ లెక్క మళ్ళీ కట్టి, అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు అంది. అన్నీ అంటే, బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, నేలనుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో పట్టు దొరకాలి, నడుము తిప్పకూడదు, పదేపదే ఎత్తకూడదు. అదే బరువుని చేతులు చాచి 63 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాల్సి వస్తే ఆ 23 కాస్తా 9కి పడిపోతుంది. ఆ అంకె మొదటిసారి చూసినప్పుడు నాకు మా ర్యాకు పై అర కళ్ళముందు కదిలింది. పాతిక కిలోల టైల్స్ పెట్టెని మునివేళ్ళ మీద నిలబడి, చేతులు చాచి, అంచు దాకా లాక్కుని దించేవాళ్ళం మేము. పట్టు జారడం మా నిర్లక్ష్యమని చెప్పేవాళ్ళు. ఆ ర్యాకు దగ్గర పట్టు జారకపోతేనే వింత.

ఇక నా వేలు సంగతి.

అక్కడ ఒక పుస్తకం ఉండేది. డ్యామేజీ పుస్తకం అనేవాళ్ళం. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం, గుమాస్తా బల్ల మీద ఎప్పుడూ తెరిచే ఉండేది. అందులో నాలుగు గడులు. తేదీ, సరుకు, ఎంత, ఎవరి చేతిలో. ఆ నాలుగో గడిలో పేరు పడిందంటే వారం చివర కూలిలో ఆ సరుకు ఖరీదు కోసేసేవాళ్ళు. పగిలిన టైల్స్ పెట్టెకి పోయేది ఒకరోజు కూలి కాదు, అంతకంటే ఎక్కువ. యజమాని దుర్మార్గుడని అనను. ఆయనకి సరుకే ఆస్తి, అది పగలకుండా ఉండటానికి ఆయనకి తోచిన దారి అది.

నాకు ఆ ముందువారమే ఒక పెట్టె కోత పడింది. ఇంటికి తీసుకెళ్ళాల్సిన డబ్బులో అంత తగ్గితే మా అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు రెండ్రోజులు మింగుడు పడలేదు.

ఆ మరుసటి వారం మధ్యాహ్నం పై అరలోంచి టైల్స్ పెట్టె దించుతున్నాను. పెట్టె చుట్టూ ప్లాస్టిక్ పట్టీలు రెండు బిగించి ఉంటాయి. ఆ పట్టీ ఉన్నది పెట్టె విచ్చుకోకుండా ఉండటానికి, పట్టుకుని మోయడానికి కాదు. మేస్త్రి లక్షసార్లు చెప్పాడు. కానీ పై అరలో పెట్టె అడుగుకి చెయ్యి అందదు, అందేది పట్టీయే. నాలుగు వేళ్ళు పట్టీ కింద దూర్చి లాగాను. పెట్టె సగందాకా బయటికొచ్చింది. అప్పుడు "టప్" మని చిన్న చప్పుడు. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది ఆ చప్పుడు, చాలా చిన్నది, వేలితో చిటిక వేసినంత. పట్టీ తెగింది.

పెట్టె ముందుకి వాలింది. నాకు తెలుసు. పదిరోజులు దెబ్బలు తిని నేర్చుకున్న మనిషిని, పాదం వెనక్కి వేయడం నా ఒంటికి తెలుసు. నిజంగా పాదం వెనక్కి కదిలింది కూడా. కానీ చెయ్యి ముందుకెళ్ళింది. ఎందుకంటే ఆ అరక్షణంలో నా కళ్ళముందు కనిపించింది పెట్టె కాదు, ఎర్ర అట్ట పుస్తకం.

పెట్టె నా ఎడమచేతిని తనతోపాటే కిందికి తీసుకెళ్ళి, కింది అర ఇనప కమ్మీకి వేసి నొక్కింది. నొప్పి వెంటనే తెలియలేదు. ముందు వేళ్ళు వేడెక్కినట్టయింది. తర్వాత చెయ్యి బయటికి తీసి చూసుకుంటే మధ్యవేలి కొస నాది కానట్టుగా ఉంది. వెడల్పుగా, తెల్లగా, గోరు కింద నల్లటి మరక నేను చూస్తుండగానే పాకుతోంది.

పరిగెత్తుకొచ్చిన గుమాస్తా అడిగిన మొదటి మాట, "ఎన్ని పగిలాయి?"

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన ఉద్యోగం ఆ పుస్తకం నింపడం. కానీ ఆ మాట మాత్రం వేలి నొప్పి తగ్గాక కూడా తగ్గలేదు.

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. వేలి కొసన ఉన్న చిన్న ఎముక చిట్లింది. గోరు కింద రక్తం బిగిసి వేలు పగిలిపోతుందేమో అన్నంత పోటు. ఆయన సూది మొన ఎర్రగా కాల్చి గోరు మధ్యలో పెట్టాడు. గోరుకి చిన్న రంధ్రం పడి, నల్లటి రక్తం చుక్క ఒకటి బుడగలా లేచి జారింది. ఆ క్షణంలో పోటు తగ్గిపోయిన సుఖం నేను జీవితంలో మళ్ళీ అనుభవించలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. కొన్నాళ్ళకి ఆ గోరు ఊడిపోయింది. కొత్తది వేలి చివరిదాకా రావడానికి ఆరు నెలలు పట్టింది. వచ్చినప్పుడు ఆ గీతతో వచ్చింది.

పుస్తకంలో నాలుగో గడిలో నా పేరు రాశారు. మేస్త్రి నన్ను ఒక్కమాట అనలేదు. పని లేకుండా మూల కూర్చున్న నా పక్కకి వచ్చి కూర్చుని, కట్టు కట్టిన చేతిని తన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను చెయ్యికి నేర్పానురా. కడుపుకి నేర్పలేకపోయాను" అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఒక శిక్షణ తరగతిలో ఇంజనీరు ఒకాయన బల్ల మీద లెక్క వేసి చూపించాడు. ఐదున్నర అడుగుల ఎత్తునుంచి పడే వస్తువు నేల చేరడానికి సెకనులో పదింట ఆరు వంతులు కూడా పట్టదు. అది జారిందని కళ్ళు చూసి చెయ్యి కదలడానికే సెకనులో ఐదో వంతు పోతుంది. చెయ్యి అందుకునేసరికి దానికి చెయ్యి ఆపలేనంత వేగం వచ్చేసి ఉంటుంది. నేల దగ్గరికొచ్చేసరికి గంటకి 20 కిలోమీటర్ల వేగం దాటుతుంది. పాతిక కిలోల పెట్టె ఆ ఎత్తునుంచి పాదం మీద పడి ఒక్క సెంటీమీటరులో ఆగితే, పాదం మీద పడే బలం నాలుగు టన్నుల పైమాట. కాలివేళ్ళ మీద ఇనప టోపీ ఉన్న బూట్లని ఐఎస్‌ఓ 20345 ప్రమాణం కింద పరీక్షించేది 200 జౌల్స్ దెబ్బకి. అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తునుంచి పడినట్టు. మా పెట్టె దెబ్బ దానికి రెట్టింపు. తలకి పెట్టుకునే హెల్మెట్‌ని 5 కిలోల దిమ్మ మీటరు ఎత్తునుంచి వేసి పరీక్షిస్తారు, అది పనిముట్లకీ రాళ్ళముక్కలకీ గానీ బస్తాలకి కాదు. బూట్లు వద్దని కాదు, ఎన్నో వేళ్ళని అవి కాపాడాయి, నా కళ్ళారా చూశాను. కానీ ఆ లెక్క చూస్తున్నంతసేపూ నేను మేస్త్రినే తలుచుకున్నాను. ఆయనకి జౌల్స్ తెలియవు. "పడనీ" అన్న ఒక్క మాటలో ఈ లెక్కంతా ఉంది.

ఇంకొకటి రాయకుండా ఈ జ్ఞాపకం పూర్తి కాదు. రాయడానికి మనసు రాక ఇంతసేపూ పక్కన పెట్టాను.

నాకంటే ఏడాది చిన్నవాడు ఒకడు మా జట్టులో ఉండేవాడు. నన్ను అన్నా అనేవాడు. నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. ప్లైవుడ్ షీట్లు ఎనిమిదడుగుల పొడుగున నిలబెట్టి గోడకి ఆనించి ఉంచేవాళ్ళం. మంచి మందం ఉన్న షీటు ఒక్కోటి ముప్పై కిలోలకి పైనే. ఒకరోజు కొనడానికి వచ్చినాయనకి వెనక ఉన్న తొమ్మిదో షీటు కావాలి. సరైన పద్ధతి ముందున్నవన్నీ ఒక్కొక్కటే తీసి వేరే చోట పెట్టడం. దానికి అరగంట పడుతుంది. అందుకని అందరూ చేసేది ఒకటే. ఒకడు ముందున్న షీట్లని పుస్తకం పేజీల్లా తన వైపు వాల్చుకుని పట్టుకుంటే, రెండోవాడు వెనక నుంచి కావలసింది లాగేస్తాడు.

దీన్లో మోసమంతా ఎక్కడుందంటే, షీట్లు నిటారుగా ఉన్నప్పుడు బరువే తెలియదు. ఎనిమిది షీట్లు, పావు టన్ను, ఒక్క అరచేత్తో ఆపొచ్చు. అలా 10 డిగ్రీలు ముందుకి వాలితే ఛాతీ ఎత్తులో పట్టుకున్నవాడి మీద 45 కిలోల తోపు. 20 డిగ్రీలకి అది 90. ఎక్కడ చేతుల్లో ఉన్నది చేతులు దాటిపోతుందో తెలిసే సమయం ఉండదు. మేస్త్రి ఆ షీట్ల గురించి, "దొంగనిద్ర పోతుంటాయి" అనేవాడు. ఆ రోజు మేస్త్రి లారీ దగ్గర ఉన్నాడు.

వాడు పట్టుకున్నాడు. నేను వెనక నుంచి లాగుతున్నాను. లాగుతున్న షీటు ముందుదానికి రాసుకుని దాన్ని కొంచెం తోసింది. "అన్నా, బరువొస్తోంది" అన్నాడు. "వదిలి పక్కకి దూకరా" అని అరిచాను. వాడు దూకలేదు. అవి పై పొర నగిషీ ఉన్న షీట్లు, గీత పడితే ఖరీదు పోతుంది. వాడి పేరు ఆ నెలలో అప్పటికే రెండుసార్లు పుస్తకంలో ఉంది. పట్టుకునే ఉన్నాడు. నేను షీటు వదిలేసి ముందుకి వచ్చేలోపు వెల్లకిలా పడ్డాడు, వాడి మీద ఎనిమిది షీట్లు.

పక్కనున్న గొట్టాల మీద షీట్ల పై అంచు ఆగింది కాబట్టి ఛాతీ బతికింది. కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. మేమంతా ఒకేసారి లేపబోతే మేస్త్రి పరిగెత్తుకొచ్చి ఆపాడు. ముందు గొట్టాలు కదలకుండా చెక్కలు బిగించమన్నాడు, తర్వాత పైదానినుంచి ఒక్కొక్కటే, నలుగురు నాలుగు మూలలా, మాట అనుకుని. ఎనిమిది షీట్లు తీయడానికి పది నిమిషాలైనా పట్టి ఉంటుంది. అంతసేపూ వాడి తల నా ఒళ్ళో ఉంది. వాడు అరవలేదు. "షీట్లకేమైనా అయిందా అన్నా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆసుపత్రిలో డాక్టరు గాయం చూడకముందే అడిగిన మాట, "కాలు ఎంతసేపు కింద ఉంది?" ఆ ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఎప్పుడో తెలిసింది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు, శిథిలాల కింద గంటల తరబడి కాళ్ళు చిక్కుకున్నవాళ్ళని బతికుండగా బయటికి తీస్తే, తీశాక బాగానే ఉన్నట్టు కనిపించి కొన్ని రోజులకి మూత్రపిండాలు పనిచేయక చనిపోయారట. బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు వైద్యులు 1941లో ఆ సంగతి రాసిపెట్టారు. నలిగిన కండలోంచి విడుదలైన పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. మా వాడికి పది నిమిషాలే కాబట్టి ఆ గండం లేదు. ఎముక మాత్రం రెండుచోట్ల విరిగింది. నెలలు పట్టింది లేచి నడవడానికి. మళ్ళీ మోతకి రాలేదు. నడకలో చిన్న ఒంపు ఉండిపోయింది. ఇప్పటికీ ఎప్పుడైనా మాట్లాడుకుంటే వాడు ఆ రోజు సంగతి ఎత్తడు, నేనూ ఎత్తను. "లాగినవాణ్ణి నేనే" అన్నది మాత్రం నాలో అలాగే ఉంది.

కాలం గడిచింది. నాకు కాస్త చదువూ లెక్కలూ వచ్చు కాబట్టి గుమాస్తాగా, తర్వాత గోడౌను మొత్తం చూసుకునేవాడిగా ఎదిగాను. బల్ల మీద ఎర్ర అట్ట పుస్తకం నా చేతికొచ్చింది. మొదటి ఆరు నెలలూ నేనూ అందరిలాగే నాలుగో గడిలో పేర్లు రాశాను. దాన్ని చెప్పుకోవడానికి ఇప్పటికీ బాధగానే ఉంది. తర్వాత ఒకరోజు పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పేర్లు వదిలేసి మిగతావి చదివాను. ఒకే ర్యాకు, ఒకే పై అర, ఒకే రకం పెట్టె. పేర్లు మారుతున్నాయి, చోటు మారడం లేదు. నా పేరు దగ్గర ఆగాను. "టైల్స్, ఒక పెట్టె, ఆరు పలకలు." వేలి సంగతి ఎక్కడా లేదు.

యజమాని దగ్గరికి వెళ్ళి కోత ఆపేయమని అడిగాను. అలా ఆపేస్తే రోజూ పగలగొడతారు అన్నాడు. మూడు నెలలు ఆగి చూడండి అన్నాను. చాలా రోజులు నానబెట్టి ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నందుకు ఆయనకి నేను ఎప్పుడూ కృతజ్ఞుణ్ణే. కొత్త పుస్తకం కొని గడులు నా చేత్తో గీశాను. నాలుగో గడి మీద "ఎవరి చేతిలో" తీసేసి "ఎందువల్ల" అని రాశాను. బరువు పెట్టెలు నడుము ఎత్తు అరలోకి దించాం, పై అరలోకి తేలికవి ఎక్కించాం. షీట్లకి మధ్యమధ్యలో నిలువు కమ్మీలున్న స్టాండు చేయించాం, ఒకటి తీస్తే ఇంకొకటి వాలకుండా. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. ఇన్నేళ్ళు ఎందుకు చేయలేదంటే, పేరు రాసేశాక కారణం వెతకాల్సిన పని ఎవరికీ ఉండదు కాబట్టి.

మేస్త్రి అప్పటికి పని మానేసే వయసులో ఉన్నాడు. బల్ల దగ్గరికి వచ్చి, "ఏదో మార్చావంటగా, చదువు" అన్నాడు. చదివాను. తేదీ, సరుకు, ఎంత, ఎందువల్ల. ఆ చివరి మాట మీద వేలు పెట్టమన్నాడు. పెట్టాను. అక్షరాలు రాకపోయినా ఆ మాటని కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఆయన వెళ్ళిపోయిన ఏడాదో రెండేళ్ళకో, కొత్తగా చేరిన కుర్రాడొకడు వెనక గదిలోంచి అద్దాల పెట్టె తెస్తున్నాడు. పెద్ద చప్పుడైంది. వెళ్ళి చూస్తే వాడు గోడకి ఆనుకుని, చేతులు రెండూ భుజాల దాకా ఎత్తి, తప్పు చేసి దొరికిపోయినవాడిలా నిలబడి ఉన్నాడు. వాడికి రెండడుగుల దూరంలో పెట్టె విచ్చుకుపోయి ఉంది. పైరేకులోంచి దిగిన ఎండ ఆ పెంకుల మీద పడి గది గోడలన్నిటి మీదా మెరుస్తోంది.

"సార్, పన్నెండు పగిలాయి సార్" అన్నాడు. గొంతు వణుకుతోంది.

"కాళ్ళు చూపించు."

వాడికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. బూట్లు విప్పించి, మేజోళ్ళు తీయించి, నేల మీద కూర్చుని పాదాలు రెండూ నా చేతుల్లోకి తీసుకుని చూశాను. వేళ్ళు కదిలించమన్నాను. పదీ కదిలాయి. చేతులు చూశాను, అరచేతులు, మణికట్లు. ఎక్కడా గీత లేదు.

తర్వాత ఇద్దరం చీపుళ్ళు తెచ్చి ఊడవడం మొదలుపెట్టాం. అద్దం పెంకులు ఎంత ఊడ్చినా ఏదో మూలనుంచి ఇంకొకటి మెరుస్తూనే ఉంటుంది. కాసేపటికి వాడు చీపురు ఆపి, నా వైపు చూడకుండా అడిగాడు.

"సార్, పుస్తకంలో రాస్తారా?"

"రాస్తాను. పట్టీ తెగిందని రాస్తాను."

"నా పేరు?"

"దానికి గడి లేదు నాన్నా" అన్నాను. వాడు కొంచెంసేపు అలాగే నిలబడి, మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు.